కనుబొమలు లేని మొగుడు

మొగుడు భిక్షువుగా ఉన్నప్పుడు పెళ్ళాం అతని చేత అబద్ధాలు ఎలా వల్లె వేయించాలో ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. ఉంటే పెయ్‌చిన్ దాన్ని ఎక్కడున్నా వెతికి కొని, నమిలి మింగి, ఆ తర్వాతే థాయ్ దేశంలోని ఉదోన్ బస్టాండుకి వచ్చి ఉండేది.

మంగళవారం పొద్దున్న ఎనిమిదింటి బస్సు. డ్రైవరు వెనకాల భిక్షువుల కోసం వదిలిపెట్టే మొదటి సీటులో గుండుతో, కాషాయ చీవరంతో కూర్చున్నవాడే ఆమె మొగుడు ఖేన్. అతని వెనక సీటులో అతని చెల్లెలు లమై, ఒళ్ళో జిగురన్నం బుట్ట పెట్టుకుని. ఆమె పక్కన కిటికీ దగ్గర పెయ్‌చిన్, ఒళ్ళో నీలిరంగు అట్ట నోటుబుక్కు పెట్టుకుని. ఆడమనిషి భిక్షువు పక్కన కూర్చోకూడదు, తాకకూడదు, చేతిలోంచి చేతిలోకి ఏదీ ఇవ్వకూడదు. అయ్యా, నేను పెళ్ళాన్ని అంటే ఆ నియమం వినదు.

తెల్లారితే బుధవారం, తొమ్మిదిన్నరకి బ్యాంకాక్‌లోని తైవాన్ వీసా ఆఫీసులో ఇద్దరికీ ఇంటర్వ్యూ. ఒకరి తర్వాత ఒకరిని లోపలికి పిలిచి అవే ప్రశ్నలు అడుగుతారు. జవాబులు కలిస్తే ఖేన్ ఆమెతో తైవాన్ వచ్చి కాపురం చేసుకోవచ్చు. కలవకపోతే దొంగ పెళ్ళి అని రాసి పంపేస్తారు. ఎనిమిది నెలల కిందట ఒకసారి అలా పంపేశారు కూడా. రెండోసారి కూడా తప్పితే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో, అసలు పిలుస్తారో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. పెయ్‌చిన్‌కి నలభై నాలుగేళ్ళు. ఖేన్‌కి ముప్ఫై ఆరు. పేరు చూడకముందే వయసులు చూసి పెదవి విరిచే ఆఫీసు అది.

తైవాన్‌లోని గాంగ్‌షాన్‌లో స్క్రూల ఫ్యాక్టరీ ఎదురుగా పెయ్‌చిన్‌ది డబ్బా భోజనాల కొట్టు. ఖేన్ ఇరవై రెండేళ్ళ వయసులో ఆ ఫ్యాక్టరీకి పనికి వచ్చి, మొదటి రోజే ఆమె వండిన కూర తిని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కారం ఎక్కువై కాదు, బొత్తిగా లేక. మర్నాడు సీసాలో తన చేప ఊట, పచ్చిమిరపకాయలు తెచ్చుకుని, సీసామీద చీటీ అంటించి పేరు రాసి ఆమె అలమరలో పెట్టి వెళ్ళాడు. ఆ సీసా పన్నెండేళ్ళు అక్కడే ఉంది. థాయ్ పనివాళ్ళకి ఆ దేశం ఇచ్చే గడువు కూడా పన్నెండేళ్ళే. గడువు తీరి అతను వెళ్ళిపోయిన మర్నాడు అలమర తెరిచి సీసా చూసుకుని పెయ్‌చిన్ మధ్యాహ్నం దాకా పొయ్యి వెలిగించలేదు. నెల తిరక్కుండా విమానం ఎక్కి ఉదోన్ వచ్చి అతన్ని పెళ్ళి చేసుకుంది. అతను మాత్రం ఇప్పటికీ ఆమెని ‘ఓనరమ్మా’ అనే పిలుస్తాడు.

పెయ్‌చిన్ తల్లి ఆ పెళ్ళికి రాలేదు. "వాడు నిన్ను చేసుకోలేదే, నీ దేశాన్ని చేసుకున్నాడు," అంది ఫోన్లో. ఆ తర్వాత ఇంట్లో ఖేన్ పేరు ఎత్తితే చాలు, లేచి వెళ్ళి టీవీ సౌండు పెంచేది.

మొదటి ఇంటర్వ్యూ తగలబడింది కూడా అక్కడే. మీ అమ్మగారు ఒప్పుకున్నారా అని అడిగితే, ఒప్పుకుంది, అల్లుడంటే ప్రాణం అంది పెయ్‌చిన్. అదే ప్రశ్నకి ఖేన్, "ఆవిడ నాతో మాట్లాడదండి, నన్ను ఆ పనోడు అంటుంది," అని ఉన్నదున్నట్టు చెప్పాడు. వారం తిరక్కుండా కాగితం వచ్చింది.

అందుకే ఈ నోటుబుక్కు. రెండొందల పద్నాలుగు ప్రశ్నలు, జవాబులు. పళ్ళపొడి ఏది, చెప్పులు ఎక్కడ విడుస్తారు, కోపం వస్తే ఎవరు ముందు మాట్లాడతారు. మొదటి పేజీలో ఎర్ర సిరాతో తల్లి సంగతి. అమ్మ ఒప్పుకుంది. ప్రతి ఆదివారం ఖేన్‌తో వీడియోలో మాట్లాడుతుంది. కొత్త సంవత్సరం భోజనానికి తన పక్క కుర్చీ అల్లుడిదే అంది. ఆరు నెలలపాటు రోజూ సాయంత్రం కొట్టు కట్టేశాక ఫోన్లో అప్పజెప్పించింది. ఇంక తడబడకుండా వచ్చేసిందిరా దేవుడా అనుకునేసరికి, ఖేన్‌ని పెంచిన అమ్మమ్మ పోయింది.

అమ్మమ్మకి ఒకటే కోరిక ఉండేది, మనవడు పెళ్ళికి ముందు కొన్నాళ్ళు భిక్షువు కావాలని. అతను కుర్రతనంలోనే తైవాన్ పోయాడు, అది జరగలేదు. చితికి నిప్పు పెట్టేముందు గుండు గీయించుకుని, తొమ్మిది రోజులు ఉంటానని మొక్కుకున్నాడు. తొమ్మిదో రోజు ఈ మంగళవారం. అది కాస్తా పర్వదినం అయి కూర్చుంది. పర్వదినాన చీవరం విప్పకూడదన్నారు ఊళ్ళో పెద్ద భిక్షువు. బ్యాంకాక్‌లో తన శిష్యుడి ఆలయం ఉందని, బుధవారం ఉదయం ఎనిమిదీ తొమ్మిది నిమిషాలకి అక్కడ విప్పమని ముహూర్తం పెట్టిచ్చారు.

"ఎనిమిదన్నా కాదు, ఎనిమిదీ తొమ్మిది! తొమ్మిదిన్నరకి ఇంటర్వ్యూ పెట్టుకుని!" అని పెయ్‌చిన్ నెత్తి కొట్టుకుంది.

"మంచి ముహూర్తం వదినా, నిమిషం అటూ ఇటూ అవకూడదు," అంది లమై నింపాదిగా. ఆ పిల్ల ఇల్లు కాలుతున్నా బుట్టలో అన్నం చల్లారిందో లేదో చూసుకునే రకం.

బస్సు ఊరు దాటింది. పెయ్‌చిన్ ముందుకు వంగింది. పన్నెండేళ్ళు థాయ్ కుర్రాళ్ళకి అన్నం పెట్టి నేర్చుకున్న భాష ఆమెది.

"ఖేన్, ఒక్కసారి మొదటి పేజీ..."

"వదినా! పేరు పెట్టి పిలుస్తావేంటి! స్వామీ అనాలి," అని లమై మోచేత్తో పొడిచింది.

"సరే తల్లీ. స్వామీ, మా అమ్మ నీతో ఏ రోజు మాట్లాడుతుంది?"

అవతలి వరసలో ఇద్దరు ముసలమ్మలు తలలు తిప్పి, భిక్షువు వంకా ఆమె వంకా మార్చి మార్చి చూశారు.

"మాట్లాడదు," అన్నాడు ఖేన్ వెనక్కి తిరక్కుండానే.

"ఆదివారం! ఆదివారం అనాలి!"

"చీవరం ఒంటిమీద ఉండగా అబద్ధం ఆడకూడదు, ఓనరమ్మా. వల్లె వేసినా ఆడినట్టే."

"మరి రేపో?"

"రేపటికి చీవరం ఉండదు కదా. అప్పుడు చూద్దాం."

"అప్పుడు చూడ్డానికి టైమెక్కడిది నాయనా!"

పెయ్‌చిన్‌కి ఏడుపొచ్చినంత పనైంది. చీవరాన్ని తప్పు పట్టలేదు, చచ్చిపోయిన అమ్మమ్మని తిట్టలేదు. చేసేదిలేక నోటుబుక్కు లమైకి ఇచ్చింది. ఆడవాళ్ళు ఇచ్చేది అందుకోవడానికి ఖేన్ పసుపు గుడ్డ తీసి సీటు అంచున పరిచాడు. లమై దానిమీద పుస్తకం పెట్టింది. అతను గుడ్డతో సహా లాక్కుని, తెరవకుండానే సంచిలో పెట్టేసుకున్నాడు.

అతను ఏమనుకుంటున్నాడో తెలిస్తే కొంత నయంగా ఉండేది. ఖేన్ మొహంలో ఆమె ఇన్నేళ్ళూ చదువుకున్నది అతని కనుబొమల్నే. వేళాకోళం ఆడేటప్పుడు ఎడమది లేచేది. ఏదైనా దాస్తే రెండూ దగ్గరికి వచ్చేవి. గుండుతోపాటు వాటినీ గీసేశారు. భిక్షువు మధ్యాహ్నం లోపే తినాలి కాబట్టి బస్సు ఆగినచోట అతను అన్నం తింటూ ఉంటే, దూరంగా బల్ల దగ్గర కూర్చుని ఆ మొహంలోకి ఎంత చూసినా ఏమీ తెలియలేదు. తుడిచేసిన పలకలా ఉంది. ఆమె మాత్రం మెతుకు ముట్టలేదు. లమై ఆమె భాగం కూడా తినేసింది.

బుధవారం ఎనిమిదీ తొమ్మిది నిమిషాలకి బ్యాంకాక్ ఆలయంలో ఖేన్ చీవరం విప్పి, తెల్లబట్టలు కట్టుకుని, భిక్షువు ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు. మామూలు మనిషిగా మళ్ళీ అయిదు శీలాలు తీసుకోవాలి కదా. చంపను, దొంగిలించను, పరస్త్రీని చూడను అని ఒక్కొక్కటే అప్పగించాడు. నాలుగోది వచ్చింది. "అబద్ధం ఆడను," అన్నాడు గట్టిగా, గొంతు ఎక్కడా వణకకుండా. స్తంభం దగ్గర నిలబడిన పెయ్‌చిన్ టైము చూసుకోవడం మానేసింది. ఇంకేముంది, అయిపోయింది. ఈ మనిషి లోపలికి వెళ్ళి మళ్ళీ ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు.

ఆపైన చొక్కా, ప్యాంటు మార్చుకొస్తానని సంచి పట్టుకుని స్నానాల గదిలోకి పోయాడు. అయిదు నిమిషాలు. పది. పదిహేను.

"ఖేన్! లోపల నిద్రపోయావా?" అని ఆమె తలుపు బాదింది.

"వస్తున్నా ఓనరమ్మా."

"అమ్మమ్మ గుర్తొచ్చి ఏడుస్తున్నాడేమో వదినా. ఏడవనీ," అంది లమై.

"ఏడవనీ! సాయంత్రం ఏడవకూడదా!"

ఇరవై నిమిషాలకి వచ్చాడు. వీధి నిండా కార్లు కదలకుండా నిలబడి ఉన్నాయి. టాక్సీ ఎక్కితే మధ్యాహ్నానికి చేరతారని లమై పరుగెత్తి రెండు బైకు టాక్సీలు ఆపింది. ఒకదానిమీద ఖేన్, ఒకదానిమీద పెయ్‌చిన్. అతని గుండుకి హెల్మెట్ వదులై ఊగుతోంది. కార్ల సందుల్లోంచి ఆ ఊగే హెల్మెట్‌నే చూస్తూ, ఆమె ఆ దేశం దేవుళ్ళకీ ఈ దేశం దేవుళ్ళకీ కలిపి మొక్కుకుంది. ఆఫీసు మెట్లెక్కేసరికి తొమ్మిదీ ఇరవై ఎనిమిది. ఊపిరి పీల్చుకునేలోపే అతని నంబరు పిలిచారు. మొగుడూ పెళ్ళాం ఒక్క మాట అనుకోలేదు. తొమ్మిది రోజుల తర్వాత, చెయ్యి పట్టుకోవడానికి కూడా తీరిక దొరకలేదు.

అతను నలభై నిమిషాలు లోపల ఉన్నాడు. తలుపు తెరుచుకుని బయటికి వస్తుంటే ఆమెని లోపలికి పిలిచారు. గుమ్మం దగ్గర ఇద్దరూ ఒకరినొకరు దాటారు. ఆమె అతని కళ్ళ పైన, కనుబొమలుండే చోట చూసింది. చూడ్డానికి అక్కడేముంది? చర్మం. అతను తల దించుకుని వెళ్ళిపోయాడు.

లోపల పోయినసారి అడిగిన ఆఫీసరే, ఫాంగ్ మేడమ్. గొలుసుకి వేలాడే కళ్ళజోడు, ముందర రెండు ఫైళ్ళు, పాతదీ కొత్తదీ. పళ్ళపొడి అడిగింది. చెప్పులు అడిగింది. ఆయన గుండు సంగతేమిటని అడిగింది. అన్నీ చెప్పింది పెయ్‌చిన్. అప్పుడు ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది.

"మీ అమ్మగారు ఈ పెళ్ళికి ఒప్పుకున్నారా?"

ఎర్ర సిరా జవాబు పెయ్‌చిన్ నాలుక చివరే ఉంది. ఆదివారం, వీడియో, పక్క కుర్చీ. కానీ నిన్నంతా ఆ నోటుబుక్కు తెరవని మనిషి, గంట కిందట అబద్ధం ఆడనని మోకాళ్ళమీద ఒప్పుకున్న మనిషి లోపలికొచ్చి ఏం చెప్పి ఉంటాడు? నిజం తప్ప వేరే చెప్పడు. ఖేన్ సంగతి ఆమెకి తెలియదా! ఈసారైనా అతని మాటకి తన మాట తోడు నిలబడాలి.

"లేదండి," అంది. "ఒప్పుకోలేదు. ఒక్కసారి కూడా అతనితో మాట్లాడలేదు. పోయినసారి నేను మీకు అబద్ధం చెప్పాను. సిగ్గేసింది. కన్నతల్లే కాదన్న పెళ్ళిని పరాయివాళ్ళు ఎందుకు నమ్ముతారనిపించింది. వాడు నిన్ను చేసుకోలేదు, నీ దేశాన్ని చేసుకున్నాడు అంటుంది మా అమ్మ. నేను దానికి ఏనాడూ బదులు చెప్పలేకపోయాను." ఆపుకోవాలనుకుంది, ఆగలేదు. భుజాలు కుదిపేస్తూ ఏడ్చేసింది.

ఫాంగ్ మేడమ్ కాగితం రుమాళ్ళ డబ్బా ఇటు జరిపి, పెన్ను కింద పెట్టింది. చాలాసేపు కొత్త ఫైలు చూసింది. తర్వాత లేచి తలుపు తీసి, "అనుచా గారూ, లోపలికి రండి," అంది. అనుచా అంటే కాగితాలమీద ఖేన్ పేరు.

ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఆవిడ కాగితం తీసి చదివింది. "మీరు ఇందాక ఇచ్చిన జవాబు ఇది. మా అత్తగారు ఒప్పుకున్నారు. ప్రతి ఆదివారం నాతో వీడియోలో మాట్లాడతారు. కొత్త సంవత్సరం భోజనానికి తన పక్క కుర్చీ నాదే అన్నారు. ఇలాగే చెప్పారు కదా?"

అక్షరం పొల్లు పోకుండా ఎర్ర సిరా జవాబు. స్నానాల గదిలో ఇరవై నిమిషాలు అతనేం చేశాడో పెయ్‌చిన్‌కి అప్పుడు తెలిసింది.

"ఖేన్! ఎందుకు చెప్పావు?"

"నువ్వు ఆరు నెలలు చెప్పించావు కదా ఓనరమ్మా." అతను ఆమె వంక కాకుండా బల్లవంక చూస్తూ మాట్లాడాడు. "పోయినసారి నేను నిజం చెప్పడంవల్లే పోయింది. నువ్వు ఒక్కదానివే విమానం ఎక్కి పోతుంటే చూశాను. ఈసారి నావల్ల పోకూడదనుకున్నాను. పొద్దున తీసుకున్న శీలం పొద్దున్నే పోగొట్టుకున్నాను. పోతే పోనీ, మళ్ళీ తీసుకుంటాను. కానీ నువ్వు..."

"నువ్వు అబద్ధం ఆడవని నేను నిజం చెప్పేశాను!"

అయిపోయిందని ఇద్దరికీ తెలుసు. రెండు జవాబులూ కలవలేదు, మళ్ళీ అదే ప్రశ్న దగ్గర. పెయ్‌చిన్‌కి కొట్టు, అలమర, అందులో సీసా కళ్ళముందు ఆడాయి. ఇంక ఎన్నేళ్ళు అలమర తెరిచి ఆ సీసా తుడుస్తూ కూర్చోవాలో అనుకుంది.

ఫాంగ్ మేడమ్ పాత ఫైలు కూడా తెరిచి కొత్తదాని పక్కన పెట్టింది.

"పోయినసారి ఈవిడ అబద్ధం ఆడింది, మీరు నిజం చెప్పారు. ఈసారి ఈవిడ నిజం చెప్పింది, మీరు అబద్ధం ఆడారు," అంది. "ఇరవై రెండేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుంటున్నాను. దొంగ పెళ్ళివాళ్ళు పట్టుబడితే ఎవరి నెత్తిమీది తప్పు వాళ్ళు దులుపుకుంటారు. అవతలివాళ్ళ తప్పు అడిగి తెచ్చుకుని నెత్తిన పెట్టుకున్నవాళ్ళని నేను చూడలేదు." అంటూ ఖేన్ ఫోటో తీసి అతని మొహం పక్కన పట్టుకుని చూసి విసుక్కుంది. "ఇదెవరు, మీరెవరు? దీనితో వీసా ఇస్తే విమానాశ్రయంలో మిమ్మల్ని ఆపి నన్ను తిడతారు. కనుబొమలు మొలిచాక రండి."

"మళ్ళీ ఇంటర్వ్యూకా అండి?" అంది పెయ్‌చిన్ పీలగా.

"ఇంటర్వ్యూ ఎందుకమ్మా! ఫోటోకి! కొత్త ఫోటో తెచ్చి ఇచ్చి వీసా తీసుకుపోండి. ఇంకో మాట, మీ అమ్మగారు ఒప్పుకున్నారా లేదా అన్నది నా ఫారంలో ఎక్కడా లేదు. పెళ్ళి నిజమా కాదా తెలుసుకోవడానికి అడుగుతాను, అంతే. ఆవిడతో మీరే పడాలి."

పెయ్‌చిన్‌కి ఎలా లేచిందో, ఎలా బయటికి వచ్చిందో తెలియదు. మెట్లమీద, వెనకాల వచ్చిన లమై బుట్ట పట్టుకుని ఎదురుచూస్తోంది. వీళ్ళ మొహాలు చూసి, "ఏమైంది? పోయిందా?" అంది.

"కనుబొమలు రావాలంట," అన్నాడు ఖేన్.

పెయ్‌చిన్ అతన్ని మెట్టుమీద కూర్చోబెట్టి, రెండు చేతులతో మొహం పట్టుకుని ఎండకి తిప్పింది. తొమ్మిది రోజులుగా తాకకూడని మొహం. బొటనవేలితో కంటిమీద ఇటునుంచి అటు రాసింది. సన్నగా గరగరలాడింది. "వస్తున్నాయి!" అంది. "చూడు లమై, వస్తున్నాయి!" ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియడం లేదు.

అప్పుడే ఫోన్ మోగింది. తల్లి.

"ఉప్పు డబ్బా ఎక్కడ చచ్చిందే?" అంది ఆవిడ. ఉప్పు డబ్బా నలభై ఏళ్ళుగా పొయ్యి పక్కనే ఉంది. జవాబు వినకుండానే, "మళ్ళీ పంపేశారా?" అంది.

"లేదమ్మా. ఇచ్చేస్తారంట. అతని కనుబొమలు మొలవాలంట, ఫోటోకి."

అవతల టీవీ మోగుతోంది. ఇప్పుడు సౌండు పెంచేస్తుంది అనుకుంది పెయ్‌చిన్. సౌండు తగ్గింది.

"అల్లం," అంది తల్లి.

"ఏంటమ్మా?"

"అల్లం ముక్క కోసి పొద్దునా సాయంత్రం రుద్దమను. తొందరగా మొలుస్తాయి. ముసలి అల్లం, లేతది కాదు. నేనేం వాడికోసం చెప్పడం లేదు, ఫోటో కోసం చెప్తున్నా," అని ఫోన్ పెట్టేసింది.